కావిడి దించేలోపు

మొదటి దెబ్బ మా ఆయనదే. ఆ చప్పుడు నేను కొండవాలు మలుపు అవతలి నుంచే విన్నాను. మనిషిని కొట్టిన చప్పుడని తెలియలేదు. ఎవరో తడి బట్టను బండకేసి బాదారనుకున్నాను. వెంటనే ఇంకోటి, ఇంకోటి. వాటి మధ్య మగవాళ్ల గొంతులు కలిశాయి. అప్పుడు పరిగెత్తాను.

ఆయన ఎవరి మీదా చెయ్యెత్తగా అంతకుముందు నేను చూడలేదు. నర్సీపట్నంలో మాది ఎరువుల దుకాణం. తాగొచ్చి కొట్టు ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లను కూడా "ఎల్రా బాబూ, ఎండ దిగేక మాటాడుదాం" అని చేతిలో నీళ్ల సీసా పెట్టి పంపేసే మనిషి. ఇంట్లో బొద్దింక కనిపిస్తే చీపురు తెచ్చి నా చేతికిస్తాడు. అలాంటి చెయ్యి ఎలా లేచిందో నేను చూడలేదు గానీ, ఎందుకు లేచిందో నాకు తెలుసు. ఆ వారమంతా మా చుట్టూ ఉన్న అందరి చేతులూ లేవడానికి సిద్ధంగానే ఉన్నాయి.

దానికి కారణం ఒక వీడియో. ఇద్దరు మనుషులు గోనెసంచి మోసుకుపోతుంటారు. జనం అడ్డగించి సంచి విప్పితే లోపల పిల్లాడు. ఆ తర్వాతంతా కొట్టడమే. కింద "మన జిల్లాలోనే, జాగ్రత్త" అని రాసుంది. ఏ ఊరో, ఏ రాష్ట్రమో, వాళ్లు మాట్లాడేది ఏ భాషో కూడా తెలియదు. మా వీధి వాట్సాప్ గ్రూపులో వచ్చింది, ప్లే స్కూలు తల్లుల గ్రూపులో వచ్చింది, మా అత్తగారికి వాళ్ల చెల్లెళ్లు పంపారు. నేను అసలే భయస్తురాలిని. పాప నిద్రలో ఊపిరి తీస్తోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే అలవాటు దానికి మూడేళ్లొచ్చినా నాకు పోలేదు. ఆ వీడియోను సగంలోనే ఆపేశాను. మా అత్తగారు మాత్రం సౌండు పెంచుకుని చివరిదాకా చూసేది. కొట్టే చోట "అలాగే అవ్వాలి ఎదవలకి" అనేది, సీరియల్లో విలన్‌ని అన్నట్టు.

ఆ ఆదివారం బోటు టూరుకి వెళ్లాం. మా ఊరికి కొండల వైపున్న రిజర్వాయరులో మూడు కొండ శిఖరాలు నీళ్ల పైకి మిగిలిపోయి ఉంటాయి. డ్యాం కట్టినప్పుడు కింద ఊళ్లన్నీ మునిగితే, పైకెక్కి అక్కడే ఉండిపోయిన కొండవాళ్లు కొన్ని కుటుంబాలున్నాయి. వాటిని ఇక్కడివాళ్లు మెట్టలంటారు. ఈమధ్య ఎవరో ఒక బోటు తెచ్చి, మెట్టలకు దీవులని పేరు పెట్టి, చేతిపనుల టూరని ఫ్లెక్సీ కట్టాడు. మొదటి మెట్ట మీద అడ్డాకుల విస్తర్లు కుడతారు. రెండోదాని మీద వెదురు తట్టలు, చేటలు. మూడోదాని మీద కొండ చీపుర్లు. మూడోదాన్ని మేం చూడలేదు.

బోటులో మాతో పాటు ఇంకో నాలుగు కుటుంబాలున్నాయి. వాళ్లలో నక్కపల్లి అవతల సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన ముగ్గురు అన్నదమ్ములు, పెద్దాయన భార్య నాకు బాగా గుర్తు. చేపల వేట ఇంటివాళ్లు. ఆమె చేపలమ్ముతుంది, గొంతు బోటు ఈ చివర నుంచి ఆ చివరకు మైకు లేకుండా వినపడుతుంది. లైఫ్ జాకెట్ వేసుకోమంటే ఆ అన్నదమ్ములు నవ్వారు.

"ఇవీ ఒక నీల్లేనేటి? మా ఊర్లో గేదెల్ని కడిగే గుంట ఇంతుంటాది" అన్నాడు చిన్నవాడు.

నేను మాత్రం పాపకు జాకెట్ వేసి, తాళ్లు రెండు ముళ్లు వేసి, అది నిజంగా తేలుతుందా అని గైడుని అడిగాను. గైడు యాభై దాటిన మనిషి, మైకు చేతిలో ఉంటే ఊరుకోలేడు.

"తేల్తాదమ్మా, తేలకపోతే పైసలు వాపసు" అన్నాడు మైకులోనే. బోటంతా నవ్వింది. "మెట్టమీద దిగేక ఎవరి పిల్లల్ని ఆలు సూసుకోండి. తట్ట మర్సిపోతే పంపిత్తాం గానీ, పిల్లని మర్సిపోతే మా పూసీ లేదు."

ఆ మాటకు మా అత్తగారు నవ్వలేదు. పక్కావిడకు వీడియో తీసి చూపించింది. ఫోను ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్లింది. ఇంజను హోరులో కూడా ఆ దెబ్బలు, ఆ కేకలు వినపడుతూనే ఉన్నాయి. చేపలామె ఒక్కతే ఫోను అందుకోలేదు. "ఆదివారం పూటా ఈ సావుల గోలేటమ్మా" అంది.

రెండో మెట్ట మీద దిగితే ముందు వినపడింది కత్తుల చప్పుడు. పొడవాటి వెదురును నిలబెట్టి పైన కత్తి పెట్టి ఒక్క పోటు పొడిస్తే, కింది దాకా పెటపెటా పగులుతూ వచ్చేది. ప్రతి పగులుకీ నేను ఉలిక్కిపడుతున్నాను. ఆ పని చేస్తున్న మనిషికి ముప్పై అయిదేళ్లుంటాయి. సన్నగా, నల్లగా, మోకాళ్లెత్తి కూర్చుని తల ఎత్తకుండా చీలుస్తున్నాడు. మాటలన్నీ వాళ్లావిడవే. ఆమె అల్లుతూ అందరికీ జవాబులు చెబుతోంది. మధ్యలో వాళ్ల చంటిపిల్ల పక్కనే తట్టలో పడుకుని కాళ్లాడిస్తోంది.

మా పాప తనకూ తట్ట కావాలని పేచీ పెట్టింది. ఆమె ఒక కొత్త తట్టలో కూర్చోబెడితే కాసేపు ఆడుకుని, అక్కడే అరుగు మీద చాప మీద నిద్రపోయింది. ఈలోగా మిగతావాళ్లంతా తట్టలు, చేటలు కొనుక్కుని రేవు వైపు దిగిపోయారు. మా ఆయన, అత్తగారు కూడా ఫోటోలు తీసుకోవాలని ముందే వెళ్లారు. "పాప లేస్తే తీసుకురా, తొందర లేదు" అన్నాడు ఆయన. నాకు బయటికి వెళ్లవలసిన అవసరం వచ్చింది. అడగలేక అడిగితే ఆమె నవ్వి, ఇంటి వెనక చాటు చూపిస్తానంది. అంతలో కింద బోటు హారను కొట్టారు.

"గుంటని లేపకు" అంది ఆమె, పాపను చూపించి. "మా మావ కావిడి ఏస్తన్నాడు, మీ బోటుకి తట్టలు దించాలి. ఆ తట్టలో పడుకోబెడతాను. మా గుంటలు సంతకి అలాగే ఎల్తారు."

"పడిపోదా?"

"పడదు."

"దారి రాళ్లు కదా. జారితే?"

"నువ్వు పడతావేమో గానీ అది పడదు" అంది.

మా అత్తగారి చేతుల్లో పాపను పెట్టి పక్క వీధికి వెళ్లడానికి కూడా నేను నాలుగుసార్లు వెనక్కి చూస్తాను. ఆమెను మాత్రం నమ్మాను. ఇవాళ్టికీ ఆ రోజు నేను చేసిన పనుల్లో సరైనది అదేననిపిస్తుంది. ఆమె తట్ట అడుగున పాత బొంత మడిచి వేసింది. పాపను లేవకుండా ఎత్తి అందులో పడుకోబెట్టింది. రెండో వైపు తట్టలో చేటల కట్ట పెట్టి, బరువు సరిపోలేదని రెండు రాళ్లు వేసి, మళ్లీ ఒకటి తీసింది. ఎండ పడకుండా తన తువ్వాలు పాప మీద కప్పింది. వాళ్లాయన వంగి కావిడి బద్ద కింద భుజం పెట్టి లేచాడు. రెండు తట్టలూ ఒకేసారి నేల నుంచి లేచాయి.

"జాగ్రత్తండీ" అన్నాను.

ఆయన పలకలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "మాటాడించకు. కావిడిలో గుంట ఉంటే మోసేవోడు నోరిప్పకూడదు, దించేదాకా. మా అత్తోరింట్లో అదే అలవాటు. నోరిప్పితే గుంటకి కీడంట."

ఆయన కావిళ్లు మోసేవాళ్ల నడకలో, సగం పరుగులా, ఊగుతూ వెళ్లిపోయాడు. ఆ నడక ఆగితే బరువు భుజాన్ని నొక్కేస్తుందట. నేను ఆమెతో ఇంటి వెనక్కి వెళ్లి, వచ్చి, దారి పట్టేసరికి ఆయన మలుపు దాటిపోయాడు.

ఆ కాసేపట్లో రేవు దగ్గర జరిగింది నాకు తర్వాత చేపలామె చెప్పింది. ముందు చూసింది మా అత్తగారట. తువ్వాలు కింద నుంచి ఒక చిన్న పాదం, దానికి వెండి పట్టీ. "ఒరే, అది మన గుంట కాలు కాదేట్రా" అందట. మా ఆయన వెళ్లి కావిడికి అడ్డం నిలబడ్డాడు.

"ఎవర్రా ఆ పిల్ల?"

కావిడి మోస్తున్నాయన పలకలేదు. పక్కకు తప్పుకుని ముందుకెళ్లబోయాడు. అక్కడ నేలంతా ఏటవాలు, గులకరాళ్లు. దించడానికి చదును పది అడుగుల అవతల, నీళ్ల పక్కన ఉంది.

"నిన్నేరా అడిగేది. ఎక్కడికి తీసుకుపోతన్నావ్?"

తల అడ్డంగా ఊపాడట, కళ్లతో చదును వైపు చూపించాడట. నోరు మాత్రం తెరవలేదు. అప్పుడు పడింది మొదటి దెబ్బ.

మలుపు తిరిగి నేను చూసేసరికి నలుగురు ఆయన చుట్టూ ఉన్నారు. మా ఆయన, ఆ ముగ్గురు అన్నదమ్ములు. కావిడి మోస్తున్నాయన రెండు చేతులూ పైన బద్ద మీద ఉన్నాయి. ఒక్క చెయ్యి తీసినా కావిడి తిరగబడుతుంది, పాప రాళ్ల మీద పడుతుంది. అందుకని ఆయన చేతులు తీయలేదు. చెంపల మీద కొడుతున్నా, చెవి మీద పిడికిలితో గుద్దుతున్నా, వీపు మీద తంతున్నా తీయలేదు. కాళ్లు ఎడంగా పెట్టుకుని, మోకాళ్లు వంచుతూ, మెల్లగా, మెల్లగా కిందికి దిగుతున్నాడు, తట్ట నేలకు ఆనించాలని. ముక్కు నుంచి రక్తం గడ్డం మీదుగా ఛాతీ మీదికి కారుతోంది.

"వదల్డం లేదు సూడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడో సూడు నా కొడుకు" అని అరుస్తున్నాడు చిన్నవాడు. అంటూ పక్కటెముకల మీద మోకాలితో పొడిచాడు. ఆయన ఊగాడు. తట్టలు ఊగాయి. మళ్లీ నిలదొక్కుకున్నాడు.

నేను కేకలు వేస్తూ పరిగెత్తాను. ఆపమన్నాను, నేనే పంపానన్నాను. జుట్టు ఊడిపోయి, చెప్పు జారిపోయి, పరిగెత్తుతూ ఏడుస్తున్న తల్లి వాళ్లకు కనిపించింది. నేనేం అంటున్నానో వినడానికి ఎవరూ ఆగలేదు. "అదిగో తల్లి, ఎలా ఏడుస్తందో సూడండ్రా" అని ఎవరో అన్నారు. దాంతో దెబ్బలు పెరిగాయి. నా గొంతు వాళ్ల చేతులకు బలమిస్తోందని అర్థమయ్యాక కూడా నేను గొంతు ఆపలేకపోయాను.

తట్ట నేలకు ఇంకో జానెడు ఎత్తులో ఉండగా మా ఆయన వంగి తువ్వాలు లాగి పాపను ఎత్తేశాడు.

కావిడి ఎప్పుడూ మొయ్యనివాళ్లు మాత్రమే చేసే పని అది. ఒక పక్క బరువు తీసేస్తే రెండో పక్క ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. చేటలు, రాయి ఉన్న తట్ట దభీమని పడింది. ఈ పక్క బద్ద కొస ఒక్క ఉదుటున పైకి లేచి, ఇంకా వంగే ఉన్న మా ఆయన కనుబొమ మీద కొట్టింది. చర్మం చీలి రక్తం కళ్లలోకి దూకింది. పాపను పట్టుకునే ఆయన వెనక్కి కూలబడ్డాడు. పాప లేచి బిత్తరపోయి గుక్కపట్టింది.

"ఏసేసేడ్రా, కత్తితో ఏసేసేడు" అన్నాడు నడిమివాడు.

ఎవరి చేతిలోనూ కత్తి లేదు. ఆ మనిషి చేతులు అప్పుడే ఖాళీ అయ్యాయి. వాటిని మొహానికి అడ్డం పెట్టుకోబోయాడు. పెద్దవాడు బోటులోంచి తెడ్డు తెచ్చాడు. మొదటి దెబ్బ ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అచ్చం పొద్దున విన్న వెదురు పగులులాగే ఉంది. ఆయన కింద పడ్డాడు. అప్పటిదాకా దూరంగా నిలబడి చూస్తున్నవాళ్లు కూడా వచ్చారు. ఒక పెద్దమనిషి, పొద్దున బోటులో మా పాపకు బిస్కెట్ ఇచ్చినాయన, చెప్పు తీసి కొట్టాడు. ఇంకొకాయన ఒక చేత్తో ఫోనులో వీడియో తీస్తూ కాలితో తన్నాడు. పడిపోయినవాడి చెవిలోంచి సన్నగా రక్తం వస్తోంది. నేను ఎవరి చొక్కానో పట్టుకుని లాగితే ఆ మోచెయ్యి వచ్చి నా దవడకు తగిలింది.

ఆపింది చేపలామె. మాటలతో కాదు. జనాన్ని తోసుకుంటూ వెళ్లి, కింద పడిన మనిషికి అటో కాలు ఇటో కాలు వేసి ఆయన ఛాతీకి అడ్డంగా కూలబడింది. తెడ్డు ఎత్తిన మొగుడి వైపు మొహం ఎత్తి చూసింది.

"కొట్టు" అంది. "నా మీద కొట్టు. సేతులు కావిడి మీదున్నోడిని కొడతార్రా? మీరు మగోల్లేనా?"

తెడ్డు కిందికి దించలేదు, కానీ దెబ్బా పడలేదు. ఆ సందులో నా మాట వినపడింది. "పాపను నేనే పంపాను. ఆయన మోసుకొచ్చాడంతే."

చిన్నవాడు అన్నాడు, "మరి ఆడు సెప్పాలి కదా. నోట్లో ఏటున్నాది?"

అప్పుడే తట్టలల్లే ఆమె నా వెనకాల వచ్చి నిలబడింది. అరవలేదు. వెళ్లి కూర్చుని, ఆయన తల ఒళ్లోకి తీసుకుని, నోరు తెరిచి వేలు పెట్టి రక్తం, ఊడిన పన్ను బయటికి తీసింది. చెవి దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంది. ఆయన కళ్లు సగం తెరిచి ఉన్నాయి గానీ దేన్నీ చూడడం లేదు. ఊపిరి గురకలా వస్తోంది. ఆ ఊపిరి ఎంతసేపు వస్తుందోనన్నదే ఇక అక్కడ మిగిలిన ప్రశ్న.

గైడు మైకు పక్కన పడేశాడు. "ఎక్కండి, ఎక్కండి, బేగి ఎక్కండి. గొడవలొద్దు. ఆ కొండోల్లు దిగొస్తే మనల్ని బతకనివ్వరు."

దిగొచ్చారు కూడా. ఏడెనిమిది మంది, చేతుల్లో వెదురు చీల్చే కత్తులతో. ముందున్నవాడు దెబ్బలు తిన్న మనిషి తమ్ముడు. నీళ్లలోకి మోకాలి లోతు దిగి, బోటు కట్టిన తాడు మీద కత్తి ఆనించి నిలబడ్డాడు. అప్పటికే ఎక్కేసిన జనం ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. ఇందాక తెడ్డు ఎత్తిన చేతులు ఇప్పుడు లైఫ్ జాకెట్ల తాళ్లు వెతుక్కుంటున్నాయి.

"ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాలి" అన్నాను గైడుతో. "నర్సీపట్నం తీసుకెళ్లాలి, ఇప్పుడే."

"బోట్లో ఎక్కిత్తే మధ్యలో పోతాడమ్మా. పోతే మనందరి మీదా కేసు" అన్నాడు. లోపలి నుంచి ఒకావిడ "పిల్లలున్నారు, ఆ రక్తం సూత్తే జడుసుకుంటారు" అంది. ఆ పిల్లలు అప్పటిదాకా చూసింది ఏమిటో ఆమెకు గుర్తున్నట్టు లేదు.

వాళ్లావిడ తల ఎత్తింది. బోటును చూడలేదు, నన్నే చూసింది.

"మా మావని మీ ఆయన కొట్టేడు. మీ ఆయనే మోసుకెల్లాలి. నాను కూడా వస్తాను. మా మావ బతికేడని నాను వచ్చి సెప్పేదాకా నువ్వూ నీ గుంటా ఇక్కడుండండి."

మా అత్తగారు గుండె బాదుకుంది. "ఇది కిడ్నాపు కాదేటి? ఒలే, బోటెక్కు ముందు. పిల్లని తీసుకుని బోటెక్కు."

"పొద్దున్న లేని భయం ఇప్పుడేటి?" అంది ఆమె, నాతోనే. "అప్పుడు నా సేతికిచ్చేవు కదా."

బోటును చూశాను. నేను కూడా ఎక్కితే ఏం జరుగుతుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఒడ్డు చేరాక ఆయన్ని ఒక చెట్టు కింద దించి, ఎవరికో ఫోను చేస్తామని చెప్పి, ఎవరి కార్లు వాళ్లు ఎక్కి దారిలో బలిఘట్టం దాటిపోతారు. మా ఆయన కూడా. చెడ్డవాడై కాదు, ఎవరు గట్టిగా చెబితే వాళ్ల మాట వినే మనిషి కాబట్టి. నేను ఇక్కడుంటే బోటు తిరిగి రావాలి.

నుదుటికి చేతిరుమాలు అదుముకుని రాయి మీద కూర్చున్న ఆయన దగ్గరికి వెళ్లి పాపను తీసుకున్నాను. "మీరు ఆయన్ని మోసుకెళ్లండి" అన్నాను.

"నాకు తెలీదు కదే. నువ్వు పంపేవని నాకెలా తెలుస్తాది?"

"తెలీకపోతే కొట్టేస్తారా?"

"పిల్లనిక్కడ వదిలీసి ఎల్లమంటావా? ఆల్ల సేతుల్లో కత్తులున్నాయి."

"ఇందాక ఆయన చేతుల్లో ఏమున్నాయండీ?"

ఆయన లేచాడు. ఆ మనిషిని చంకల కింద చేతులు వేసి ఎత్తబోతే, విరిగిన చెయ్యి వేలాడింది. గురక లాంటి ఊపిరి అరుపుగా మారింది. చేపలామె అటు పట్టుకుంది. బోటులోకి చేర్చారు. తమ్ముడు తాడు మీంచి కత్తి తీశాడు. ఇంజను చప్పుడు దూరమై, దూరమై, ఆగిపోయింది. ఒడ్డున నేను, పాప, ఆ కొండవాళ్లు మిగిలాం.

ఫోనుకు సిగ్నల్ లేదు. నన్నెవరూ ఏమీ అనలేదు, ఎవరూ పలకరించలేదు. దెబ్బలు తిన్నాయన తల్లి ముసలామె వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆ అరుగు దగ్గరికే తీసుకెళ్లి కూర్చోబెట్టింది. ఇంట్లోంచి చంటిపిల్ల ఆకలికి ఏడుస్తోంది. దాని తల్లి బోటులో ఉంది. ముసలామె అంబలి వేలితో దాని నోట్లో పెట్టింది. తర్వాత అదే గిన్నెలోంచి మా పాపకు పట్టింది. నా వైపు చూడలేదు.

తమ్ముడు ఎదురుగా గొంతుకూర్చుని కత్తిని నేలలోకి దించుతున్నాడు, పీకుతున్నాడు, మళ్లీ దించుతున్నాడు. మధ్యలో ఒకసారి తలెత్తాడు.

"మా అన్న పోతే" అన్నాడు.

అంతవరకే అన్నాడు. ముసలామె చేతికందిన వెదురు ముక్క తీసి వాడి మీదికి విసిరింది. అది వాడి నుదుటికి తగిలింది. వాడు తడుముకోలేదు.

నాకు అలవాటైన భయాలన్నీ ఉంటాయి. పాప నీళ్లలో పడుతుందని, పాము కరుస్తుందని, జ్వరం తలకెక్కుతుందని. ఆ సాయంత్రం ఒక్కటీ రాలేదు. ఆ గురక ఊపిరి ఒక్కటే చెవుల్లో ఉంది. అది ఇప్పుడు వస్తోందా, రోడ్డు మీద ఏ ఆటోలోనో ఆగిపోయిందా. ఆగిపోతే మా ఆయన తిరిగి వస్తాడా, బోటు వస్తుందా, వస్తే ఎవరొస్తారు. పాప నా ఒళ్లో కూర్చుని వెదురు ఈనెలు ఏరుకుంటోంది. "ఇల్లెప్పుడెల్తాం" అని అడుగుతోంది. దగ్గర్లో ఎవరు కత్తి పట్టుకున్నా దాన్ని గట్టిగా అదుముకుంటున్నాను. అది "అమ్మా, నొప్పి" అంటోంది.

ముసలామె ఉన్నట్టుండి మాట్లాడింది, నాతోనో, తనతోనో. "ఆడు సిన్నప్పుడు జీలుగు సెట్టు మీంచి పడ్డాడు. నెత్తి పగిలింది. బతికేడు." కాసేపయ్యాక మళ్లీ అదే అంది.

కొండల నీడ నీళ్ల మీదికి వచ్చాక ఇంజను వినపడింది. అందరం లేచాం. పాపను చంకనేసుకుని రేవుకు దిగాను. బోటులో ముగ్గురే ఉన్నారు. గైడు, మా ఆయన, ఆమె. ఆ మనిషి లేడు. తమ్ముడు గబగబా నీళ్లలోకి దిగడం చూసి ఆమె అక్కడి నుంచే చెయ్యి ఎత్తింది.

"ఉన్నాడు. ఆస్పత్రిలో ఎట్టుకున్నారు. నన్ను గుర్తుపట్టేడు."

ముసలామె రాయి మీద కూర్చుండిపోయింది.

ఆమె దిగి వచ్చి చెప్పింది. చేతికి రెండు చోట్ల విరిగిందట. ఎడం చెవి వినపడదంటున్నారట, విశాఖపట్నం తీసుకెళ్లి చూపించాలట. "మీ బోటాయన జారి పడ్డాడని రాయించబోయేడు" అంది నాతో. గైడు నీళ్ల వైపు తిరిగాడు. "మీ ఆయన కాదన్నాడు. నానే మొదట కొట్టేనన్నాడు. ఆ ముగ్గురూ ఎవరో కూడా సెప్పేడు. పోలీసాయన రాసుకున్నాడు. రేపు మల్లీ రమ్మన్నాడు." ఆమె గొంతులో మెచ్చుకోలు లేదు. పాలతో రవిక తడిసిపోయి ఉంది. చంటిపిల్ల ఏడుపు వినపడి అడుగులు వేగంగా వేస్తూ పైకి వెళ్లిపోయింది.

మా ఆయన బోటు దిగి ఒడ్డున నిలబడ్డాడు. నుదుటికి కుట్లు వేసి పట్టీ కట్టారు. చొక్కా మీద రెండు రకాల రక్తం ఎండిపోయి ఉంది, తనదీ ఆయనదీ. తమ్ముడు కత్తిని ఇసుకలో గుచ్చి ఆయనకు ఎదురుగా వచ్చాడు. ఖాళీ చేత్తో, చాచి, చెంప మీద ఒక్కటి కొట్టాడు. మా ఆయన పక్కకు ఊగి మళ్లీ నిలబడ్డాడు. చేతులు కిందికే ఉన్నాయి. ఇంకోటి పడుతుందని కళ్లు మూసుకున్నాడు. పడలేదు. వాడు కత్తి పీక్కుని కొండ ఎక్కేశాడు.

నేను అడ్డం వెళ్లలేదు. వెళ్లాలని కూడా అనిపించలేదు.

బోటు ఎక్కాం. ఆ దెబ్బ చప్పుడుకు పాప బెదిరిపోయి ఉంది. తండ్రి మొహం చూసి, పట్టీ చూసి, ఎర్రబడిన చెంప చూసి, రెండు చేతులూ చాచి ఆయన దగ్గరికి వెళ్తానని నా చంకలోంచి వంగింది. ఆయన కూడా చేతులు చాచాడు.

ఆ చేతులను చూశాను. గోళ్ల సందుల్లో ఎండిన రక్తం ఇంకా నల్లగా ఉంది. పాపను ఇటు తిప్పి నా గుండెకు ఆనించుకున్నాను. అది తన్నుకుంది, ఏడ్చింది, నా భుజం కొరికింది. ఒడ్డు చేరేదాకా నేను ఇవ్వలేదు.